తెల్లవారితే బుధవారం

నర్సమ్మగారు పోయారు.

కిందటి నెల ఒక మధ్యాహ్నం రాజోలు నుంచి ఆవిడ చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. నేనప్పుడు ఒక పెళ్ళికార్డు చివరి వరసలు కొడుతున్నాను. "పెద్దమ్మ పొద్దున్న పోయిందండి. నిద్దట్లోనే. మీకు మటుకు తప్పకుండా చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచింది" అంది ఆ అమ్మాయి. అయ్యో అన్నాను. ఫోన్ పెట్టి వచ్చి కూర్చుంటే స్క్రీన్ మీద 'మా ఆహ్వానాన్ని మన్నించి' దగ్గర కర్సర్ కొట్టుకుంటూ ఉంది. ఆ తర్వాత ఏం కొట్టాలో, రోజుకి పదిసార్లు కొట్టేదాన్ని, నాకు గుర్తు రాలేదు.

ఆవిడకి పేరు లేక కాదు. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి నేనూ ఇక్కడ రాయను. ఉద్యోగమంతా పురుళ్ళ వార్డులోనే చేశారు. మా కొత్తపేట చుట్టుపక్కల పాతికేళ్ళు దాటిన వాళ్ళని వరసగా నిలబెడితే సగం మంది ఆవిడ చేతుల్లో మొదటిసారి ఏడ్చినవాళ్ళే. రిటైరయ్యాక మా గోడకి అవతలి వాటాలో ఉండేవారు. భర్త అప్పటికే లేరు. ఇస్త్రీ చేసిన తెల్ల చీర, రవికకి పిన్నుతో తగిలించిన వాచీ. రిటైరైన రోజున, ఇంక ఆ వాచీ చేతికి కట్టుకోండి అని ఎవరో అంటే, "చేతులు ఖాళీగా ఉండాలండి" అన్నారట. మా వీధి పిల్లలు ఆవిడ కనపడితే చేతులు వెనక్కి దాచుకునేవాళ్ళు. గోళ్ళు పెరిగి ఉంటే అక్కడే, నడివీధిలో, పట్టుకుని కత్తిరించేసేవారు.

నేనూ మా ఆయనా ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్ళికార్డులు కొడతాం. అచ్చు వేయించేది రావులపాలెంలో. ఈ పనిలో ఒక సంగతి మీకు చెప్పాలి, తర్వాత కావాలి. మన లెక్కలో పొద్దు పొడిస్తేగాని రోజు మారదు కదా. శనివారం రాత్రి మూడు గంటలకి ముహూర్తం అంటే, గడియారం లెక్కలో అది ఆదివారం కిందికి వస్తుంది. అందుకని కార్డులో దాని పక్కనే బ్రాకెట్లో 'తెల్లవారితే ఆదివారం' అని కొట్టాలి. కొత్తల్లో నేనొకసారి ఆ ముక్క మరిచిపోయి, గడియారం లెక్కన 'ఆదివారం రాత్రి మూడు' అని కొట్టేశాను. మగపెళ్ళివారి తరఫు చుట్టాలు మర్నాడు రాత్రికి బస్సు కట్టించుకుని దిగారు. ఖాళీ పందిట్లో కుర్చీలు మడత పెడుతున్నారట. ఆ తిట్లు మా వీధి చివరిదాకా వినపడ్డాయి. అప్పట్నుంచి ప్రతి కార్డుకీ మా ఆయన వంటింట్లోంచి అయినా సరే అరుస్తారు, "తెల్లవారితే పెట్టేవా?" అని.

ముందుగదిలోకి మొదటిసారి వచ్చినప్పుడు నర్సమ్మగారు కుర్చీ వద్దని, పిల్లలెక్కే ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నారు. నేను కంప్యూటర్ ఆన్ చేశాను. అది కీచుమని ఒక్క కూత కూసింది. "ఏడ్చేడు. ఇంక భయం లేదు" అన్నారావిడ. ఏం నవ్వుకున్నామో! ఆ తర్వాత మా ఇంట్లో అదే మాటైపోయింది. మిషను మొరాయించి, మళ్ళీ లేస్తే మా ఆయన కూడా "ఏడ్చేడండీ నర్సమ్మగారూ" అని గోడ మీంచి కబురు చెప్పేవారు.

ఆకాశం చూపించే ప్రోగ్రాం మా ఇంటికొచ్చింది నా వల్ల కాదు. మా ఆయన ఏదో పేకాట ఆట కోసం కొన్న కంప్యూటర్ పత్రికతో ఒక సీడీ ఇచ్చారు, అందులో ఉంది. ఆయన ఆట ఎక్కలేదు, ఇది ఎక్కింది. ఊరూ తేదీ టైమూ ఇస్తే ఆ క్షణాన నెత్తి మీద ఏ చుక్క ఎక్కడుందో చూపిస్తుంది. వందేళ్ళ వెనక్కి పొమ్మన్నా పోతుంది. దాని ఊళ్ళ జాబితాలో కొత్తపేట లేదు సరే, రాజమండ్రి కూడా లేదు. నాకు ఒళ్ళు మండి, మా అమ్మాయి అట్లాసులోంచి అక్షాంశం, రేఖాంశం తీసి, గ్రీన్‌విచ్ టైముకి మన దేశానికి అయిదు గంటల మీద వచ్చే ఆ అరగంట తేడా కూడా సరిచేసి, కొత్తపేట అని నేనే పేరు పెట్టి ఎక్కించాను. అంత జాగ్రత్తపరురాలిని మరి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పనిలేని వేళ, తలుపులు దగ్గరగా వేసుకుని ఎండలో చుక్కలు చూసేదాన్ని. బయట బంగినపల్లి మామిడికాయల బండి అరుపు, లోపల పాలపుంత.

వీధిలో మాత్రం 'వాళ్ళింట్లో కంప్యూటర్ జాతకం చెప్తుందంట' అని పుట్టింది. ఎంత మొత్తుకున్నా వినరే! ఇందులో జాతకాల్లేవండీ బాబూ, ఉత్త చుక్కలే అంటే, ఉత్త చుక్కలెందుకండీ మరి అని అడిగి వెళ్ళిపోయేవారు.

ఒక్క నర్సమ్మగారే ఎందుకని అడగలేదు. సంబంధాలు కుదిరే రోజుల్లో ఊరి జనం పుట్టిన టైము కోసం ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆవిడ క్రైస్తవులు, జాతకాల మీద నమ్మకం బొత్తిగా లేదు. అయినా తను పోసిన ప్రతి పురుడూ సొంతంగా పొడుగు నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. తల్లి ఇంటిపేరు, ఊరు, ఆడో మగో, టైము. ఒకాయన నక్షత్రం కుదరడం లేదని బతిమాలుతుంటే గోడ ఇవతల నుంచి విన్నాను.

"ఒక్క పది నిమిషాలండి. అటూఇటూ చేసి రాసిచ్చెయ్యండి నర్సమ్మగారూ. మీ చేతిలో పనేగా."

"బిడ్డ ఏడ్చినప్పుడు వాచీ చూశానండి నేను. ఇప్పుడు వాణ్ణి మళ్ళీ లోపలికెళ్ళి పది నిమిషాలాగి రమ్మంటారా?"

"వాడికి ముప్పై ఏళ్ళండి!"

"ఆయ్. అందుకే కుదరదండి."

తారీఖు దగ్గరా అంతే. సోమవారం రాత్రి రెండింటికి పుట్టేడు కదండీ అని తండ్రి అంటే, "పన్నెండు కొట్టేక మంగళవారమేనండి నా పుస్తకంలో. మీ ఇంటి లెక్క మీ పంతులుగారికి చెప్పుకోండి" అని దులిపేసేవారు.

ఆ పుస్తకాలు ఒక్కొక్కటే పట్టుకుని మధ్యాహ్నాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఒక పేజీ తీసి, వేలు పెట్టి, "ఈ పిల్లాడు పుట్టినప్పుడు పైన ఏముందో చూపించమ్మా" అనేవారు. నేను తేదీ, టైము కొడితే నల్లటి ఆకాశం తెరుచుకునేది. ముక్కాలిపీట మీద ముందుకి వంగి చూసేవారు. "ఉద్యోగమంతా రాత్రిళ్ళు మేలుకునే ఉన్నాను. ఒక్క రాత్రి పైకి చూడలేదమ్మా. నా పనంతా కిందే" అన్నారు ఒకసారి. ఏమీ బాధగా కాదు, మామూలుగానే అన్నారు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని, తనకి రావలసిన రాత్రులన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటున్నారన్నమాట.

పగలు పుట్టినవాళ్ళకి చుక్కలుండవా అని అడిగారు. ఉంటాయండీ, కనపడవు అని, ఎండ తీసేసే మీట ఒకటి ఉంటే నొక్కాను. మిట్టమధ్యాహ్నం ఆకాశం నిండా చుక్కలు తేలాయి. "ఉన్నాయన్నమాట" అన్నారావిడ. ఇంకోసారి గాలివాన రాత్రి పుట్టిన పిల్ల పేజీ తీశారు. ఆస్పత్రి రేకులు లేచిపోయాయట, లాంతరు కూడా నిలవలేదట. కంప్యూటర్లో మాత్రం తళతళలాడుతూ ఆకాశం. "ఇది మబ్బుల్ని లెక్కలోకి తీసుకోదండి. చుక్కల లెక్కలో మటుకు వెంట్రుకవాసి తేడా రాదు" అని గొప్పగా చెప్పాను. నేనే కనిపెట్టినట్టు.

ఒక ఏప్రిల్ నెలలో, పెళ్ళిళ్ళ పని మీద ఊపిరాడకుండా ఉన్న రోజున వచ్చారు. చేతిలో పుస్తకం లేదు.

"పుస్తకం తేలేదేమండీ?"

"పుస్తకంలో లేదమ్మా ఇది" అని పీట లాక్కున్నారు. నలభై ఏళ్ళ కిందటి సంవత్సరం ఒకటి చెప్పారు. "రాజోలు. గుడ్‌ఫ్రైడే ముందొచ్చే మంగళవారం. రాత్రి మూడింటికి."

"ఎవరండీ?"

"మా అమ్మాయి."

నా చేతులు ఆగిపోయాయి. అన్నాళ్ళ పరిచయంలో ఆవిడకి పిల్లలున్నారని గాని, పుట్టారని గాని నేను వినలేదు.

"ఏడవలేదు" అన్నారు. ఇంకేం చెప్పాలి? ఆ మాట ఆవిడ నోట్లో ఏమిటో నాకు తెలుసు.

మిగతాది తనే చెప్పారు. "నాకు చూపించలేదమ్మా. చూస్తే మరిచిపోలేనని, మా అత్తగారు గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళిపోయేరు. మంచం పక్కన పడమటి కిటికీ ఉండేది. అందులో చందమామ, చందమామని ఆనుకుని ఒక చుక్క. తల్లి పక్కలో పిల్ల పడుకున్నట్టే. అవి దిగిపోయేదాకా చూస్తూ పడుకున్నాను. మొహం తెలీదు కదా, ఏడాదికోసారైనా తలుచుకోవాలంటే ఏం తలుచుకోను? ఆ చుక్కే అనుకుంటూ వచ్చేను. మా ఆయనక్కూడా చెప్పలేదు. ఒక్కసారి చూపించమ్మా, చాలు."

గుడ్‌ఫ్రైడే ఏ తేదీనో వెతికి, వెనక్కి లెక్కపెట్టి మంగళవారం తేదీ వేశాను. రాత్రి మూడు కదా, మూడు గంటలు అని కొట్టాను. పడమటి వైపు తిప్పాను. చందమామ వచ్చింది, నిండుగా, పున్నమికి ఒకట్రెండు రోజులు అటూఇటూగా. పక్కన ఏమీ లేదు. బాగా ఎడంగా, పైన, ఒక తెల్లటి చుక్క ఉంది.

"ఏదమ్మా?" అన్నారు.

గంట ముందుకి జరిపాను. గంట వెనక్కి జరిపాను. రెండూ కలిసి కిందకి దిగుతాయి, కలిసి పైకి లేస్తాయి, మధ్య ఎడం మటుకు తగ్గదు. ఇంతలో వీధరుగు మీద పెళ్ళివారు, "ఏమండీ, ప్రూఫ్ అయ్యిందాండీ? బస్సెళ్ళిపోద్దండి" అని కేకేశారు.

"మీరు చూసింది ఇంకో రోజేమో" అని ఉంటే ఎంత బావుండేది! నేనేమన్నానో తెలుసా? "దీని లెక్క తప్పదండి. వందేళ్ళ కిందటి గ్రహణం కూడా నిమిషం తేడా లేకుండా చూపిస్తుంది" అన్నాను.

ఆవిడ ఇంకాసేపు చూశారు. "అవునమ్మా. మిషనుకి అబద్ధమాడే పనేముంది? నేనే నొప్పుల మత్తులో ఏదో చూసుంటాను" అన్నారు. వాచీ చూసుకున్నారు. లేచి, ముక్కాలిపీట ఎప్పట్లాగే గోడ వారకి జరిపి పెట్టి, అరుగు మీద పెళ్ళివారికి దారిచ్చి వెళ్ళిపోయారు.

నేను ఆ ఆకాశాన్ని 'నర్సమ్మగారి అమ్మాయి' అని దాచి పెట్టుకుని, ప్రూఫ్ తీశాను.

ఆ తర్వాత ఆవిడ చుక్కల కోసం రాలేదు. మా ఇంటికి వచ్చేవారు, చిక్కుడుకాయలు ఈనెలు తీసి పెట్టేవారు, మా అమ్మాయి పరీక్షలకి ప్రార్థన చేసేవారు. ఆకాశం తెరవమంటారా అంటే, "చూసేశాను కదమ్మా" అనేవారు. పురిటి పుస్తకాలు కూడా కట్ట కట్టి పైన పెట్టేశారని తర్వాత తెలిసింది. ఆవిడ దగ్గర ఉన్నది ఆ చుక్క ఒక్కటీ. దాన్ని నేను లెక్క చూపించి మరీ లాగేసుకున్నాను. అది తెలుస్తూనే ఉంది నాకు. తెలిసి ఏం చెయ్యను? లెక్క అలా వచ్చింది, నేనేం చేసేది, అని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత షుగరు వల్ల ఆవిడ చూపు మందగించింది. చెల్లెలి కూతురు వచ్చి రాజోలు తీసుకెళ్ళింది. వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటూ రెండేళ్ళలో ఒక్కసారి వెళ్ళాను. మొహం కాదు, గొంతు పట్టి గుర్తుపట్టారు. నా చేతులు తడిమి గోళ్ళు చూశారు. "నీ కంప్యూటర్లో చుక్కలున్నాయా ఇంకా?" అని అడిగారు. "ఎక్కడికి పోతాయండీ" అని నవ్వాను. ఆవిడా నవ్వారు. మా ఇద్దరి మధ్య చుక్కల మీద నడిచిన చివరి మాట అదే. ఏదో అడగబోయి ఆపుకున్నారేమోనని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మటుకు నా ధ్యాస అమలాపురం బస్సు మీద ఉంది.

ఫోనొచ్చిన మర్నాడు సమాధి చేశారు. అమలాపురంలో బస్సు మారి, నేనూ మా ఆయనా వెళ్ళాం. కొత్తపేట నుంచి చాలామంది వచ్చారు. ఆవిడ పోసిన పురుళ్ళే అన్నీ, మీసాలతో, చంకన పిల్లలతో. గుంట పక్కన, దాదాపు అంచుకి, ఒక చిన్న రాయి ఉంది. సున్నం వేసి శుభ్రంగా ఉంది. "పెద్దమ్మకి పుట్టి పోయిన పాపంటండి. ఏటా దగ్గరుండి సున్నం వేయించేది. తనని ఇక్కడే పెట్టమని చెప్పింది" అంది చెల్లెలి కూతురు. వంగి చూశాను. పేరు లేదు. ఒక్క తేదీ ఉంది. ఆ తేదీ అలా కళ్ళలో పడిపోయింది. అప్పటికి దాని గురించి నేనేమీ ఆలోచించలేదు. మట్టి వెయ్యమంటే వేశాను.

ఇది జరిగిన నాలుగో రోజున ఆత్రేయపురం నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్ళికార్డుకి వచ్చారు. అరుగు మీద ఎండగా ఉందని లోపలికి రమ్మంటే, గోడ వారనున్న ముక్కాలిపీట తీసుకుని కూర్చున్నారు. కాయితం మీద ముహూర్తం రాసుకొచ్చారు. మంగళవారం రాత్రి మూడు గంటల అయిదు నిమిషాలకు. నేను కొట్టుకుంటూ పోతున్నాను. బ్రాకెట్ తెరిచాను. వేళ్ళు వాటంతటవే 'తెల్లవారితే బుధవారం' అని కొట్టేశాయి.

అప్పుడు కూడా ఒక క్షణం నాకేమీ తట్టలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. తర్వాత రాతి మీది తేదీ కళ్ళ ముందుకొచ్చింది.

ఆయన కార్డు అలా వదిలేసి, ఆకాశం తెరిచి, దాచిన పేరు వెతికాను. నేనిచ్చిన తేదీ, రాతి మీది తేదీకి సరిగ్గా ఒక రోజు ముందు. ఊరందరి పిల్లలకీ పన్నెండు దాటితే తారీఖు మార్చిన మనిషి, తన పిల్ల దగ్గరికొచ్చేసరికి నర్సులా చెప్పలేదు. అమ్మలా, ఇంటి లెక్కలో చెప్పారు. మంగళవారం రాత్రి. రోజూ అదే ముక్క కొట్టే నేను, ఆ ఒక్క రోజున బ్రాకెట్ పెట్టుకోలేదు. గంటలు జరిపే మీట పక్కనే రోజు జరిపే మీట ఉంది. అప్పుడు గంటలు మాత్రమే జరిపాను.

ఇప్పుడు దాన్ని నొక్కాను. ఒక్కసారి.

చందమామ జరిగింది. జరిగి, ఆ తెల్లటి చుక్క పక్కకి వచ్చి, ఆనుకుని ఆగింది. పడమటి వైపు, కిటికీలోంచి కనపడేంత ఎత్తులో. ఆవిడ చెప్పింది చెప్పినట్టు.

"ఉందండీ నర్సమ్మగారూ" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పీట మీద పెద్దాయన ఉలిక్కిపడ్డారు. ఎవరికి చెప్పను? రాజోలు ఫోన్ చేసి ఆ అమ్మాయికి ఏమని చెప్పను? ఆవిడకి చూపున్నప్పుడు చూపించలేదు. చూపు పోయాక, ఒక్క మాట నోటితో చెప్పినా సరిపోయేది, అదీ చెప్పలేదు. నొప్పుల మత్తులో ఏదో చూశాననుకుంటూనే పోయారు. కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన స్క్రీన్ వైపు మెడ చాచి చూశారు.

"ఎవరి జాతకమండీ అది?"

జాతకం కాదండీ అని చెప్పే ఓపిక లేకపోయింది. "మా నర్సమ్మగారి అమ్మాయిదండి."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. బహుశా ఆ పిల్ల గురించి అలా ఎవరైనా అనడం కూడా.

"అలాగాండీ. ఏ ఊరిచ్చేరండీ?" అని అడిగారాయన. కూతురి పెళ్ళి చేస్తున్న మనిషి, ఇంకేం అడుగుతారు?

"రాజోలేనండి" అన్నాను. "తల్లి పక్కనే ఉందండి."

"ఆయ్, అదృష్టవంతులండి" అన్నారాయన. "మా అమ్మాయిని విజయనగరం అవతల ఇస్తున్నామండి. చూసి రావాలంటే ఒక రోజు పట్టేస్తుంది."

ఆయన కార్డు పూర్తి చెయ్యాలి. ముందు ఈ ఆకాశం మూసెయ్యాలి. మూసే ముందు, కాలం నడిపించే మీట మీద వేలు పెట్టాను. అది నొక్కితే చందమామా చుక్కా అలా పడమటికి దిగిపోతాయి, ఆ రోజు ఆవిడ చూస్తుండగా దిగిపోయినట్టే. వేలు తీసేశాను. ఆ పెద్దాయన పీట మీద కూర్చుని ఓపిగ్గా ఎదురు చూస్తున్నారు.